'రీమాస్టర్డ్' అని రాసి ఉంటే సౌండ్ పెరిగినట్టేనా? 1972 నాటి బిగ్ స్టార్ ఆల్బమ్‌తో తేల్చుకుందాం

ఇయర్‌ఫోన్స్ రివ్యూ రాసిన ప్రతిసారీ నాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "బ్రో, టెస్టింగ్‌కి మీరు ఏ పాటలు వింటారు?" నా లిస్ట్‌లో ఇళయరాజా ఉన్నారు, రెహమాన్ ఉన్నారు, బేస్ చెక్ చేయడానికి రెండు మూడు ఈడీఎం ట్రాక్స్ కూడా ఉన్నాయి. వాటితో పాటు మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఓ అమెరికన్ రాక్ ఆల్బమ్ ఉంది. బిగ్ స్టార్ అనే బ్యాండ్ 1972లో తెచ్చిన 'నంబర్ 1 రికార్డ్'. పన్నెండు ట్రాక్స్, మొత్తం కలిపి సుమారు 37 నిమిషాలు.

ఈ ఆల్బమ్ గురించి ఇన్నాళ్లకి ప్రత్యేకంగా రాయడానికి ఓ కారణం ఉంది. స్ట్రీమింగ్ యాప్స్‌లో పాత ఆల్బమ్స్ పక్కన 'రీమాస్టర్డ్', 'హై-రెస్' అని కనిపిస్తుంటుంది కదా, ఆ మాటల అసలు విలువ ఎంతో చూడటానికి నాకు తెలిసి దీనికంటే మంచి శాంపిల్ లేదు. ఫోన్‌లో ర్యామ్ 8 జీబీ నుంచి 12 జీబీకి పెరిగితే అది అప్‌గ్రేడ్, డౌట్ లేదు. రీమాస్టర్ అలాంటిది కాదు. ఓ ఇంజనీర్ పాత టేప్ ముందు కూర్చుని తీసుకునే నిర్ణయాల మూట అది. ఎవరు చేశారు, ఏ టేప్ నుంచి చేశారు, ఎంత చెయ్యి పెట్టారు... చూడాల్సిన స్పెక్స్ ఇవే. ఇవేమో యాప్‌లో ఎక్కడా కనిపించవు.

ముందు బ్యాండ్ సంగతి

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ వీళ్ల ఊరు. సోల్ మ్యూజిక్‌కి పేరున్న ఊరు అది. అక్కడ ఆర్డెంట్ అనే స్టూడియో ఉంది. దాని ఓనర్ జాన్ ఫ్రై స్వయంగా రికార్డింగ్ ఇంజనీర్. మ్యూజిక్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకి రికార్డింగ్ పని నేర్పించి, స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోనిచ్చేవాడు. అలా చేరినవాళ్లలో క్రిస్ బెల్ ఒకడు. అతనితో పాటు బేస్ గిటార్ ఆండీ హమ్మెల్, డ్రమ్స్ జోడీ స్టీఫెన్స్. 1971లో వీళ్లతో కలిసినవాడు అలెక్స్ చిల్టన్. ఇతనికి అప్పటికే పెద్ద చరిత్ర ఉంది. బాక్స్ టాప్స్ అనే బ్యాండ్‌లో పాడిన 'ద లెటర్' 1967లో అమెరికాలో నంబర్ 1 హిట్ అయినప్పుడు అతని వయసు 16.

బ్యాండ్ పేరు ఎక్కడిదనుకున్నారు? స్టూడియోకి దగ్గర్లో ఉన్న 'బిగ్ స్టార్' అనే కిరాణా సూపర్‌మార్కెట్ బోర్డు నుంచి తీసుకున్నారు. ఆల్బమ్ పేరేమో 'నంబర్ 1 రికార్డ్'. బ్యాండ్ పేరు పెద్ద స్టార్, ఆల్బమ్ పేరు నంబర్ వన్. ఈ ఆత్మవిశ్వాసం తర్వాత ఎంత చేదు జోక్‌గా మారిందో ఇప్పుడే చెప్తా.

వీళ్ల మ్యూజిక్‌ని పవర్ పాప్ అంటారు. 'ద హూ' బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ 1967లోనే వాడిన మాట ఇది. బీటిల్స్ లాంటి తియ్యటి ట్యూన్, గ్రూప్‌గా పాడే హార్మొనీలు, వాటి వెనక గట్టిగా మోగే ఎలక్ట్రిక్ గిటార్లు ఉంటాయి. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. 70ల మొదట్లో రాక్ బ్యాండ్లు పది నిమిషాల సోలోల వైపు వెళ్తుంటే, వీళ్లు చిన్న పాటలకే అతుక్కున్నారు.

రివ్యూలు సూపర్, స్టాక్ నిల్

ఆల్బమ్‌కి రివ్యూలు బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ కొందామని షాపుకెళ్తే దొరికేది కాదు.

ఎందుకంటే ఆర్డెంట్ రికార్డ్స్‌కి డిస్ట్రిబ్యూషన్ చూసేది స్టాక్స్ అనే లేబుల్. సోల్ మ్యూజిక్‌లో స్టాక్స్ కింగ్ కానీ, రాక్ రికార్డుల్ని షాపులకి చేర్చడం దాని బలం కాదు. సరిగ్గా అదే టైమ్‌లో స్టాక్స్ తన డిస్ట్రిబ్యూషన్ మొత్తాన్ని కొలంబియా చేతిలో పెట్టింది. స్టాక్స్ అప్పటిదాకా నమ్ముకున్న చిన్న డిస్ట్రిబ్యూటర్లతో కొలంబియాకి పని లేదు. దాంతో షాపుల్లో ఉన్న కాపీలు కూడా వెనక్కి పోయాయి. అప్పట్లో అమ్ముడైనవి 10 వేల కాపీల లోపే అని చెబుతారు. ఫ్లాష్ సేల్‌లో ఫోన్ లాంచ్ చేసి, స్టాక్ గోడౌన్‌లోనే వదిలేసినట్టు.

ఆ దెబ్బకి క్రిస్ బెల్ 1972 చివరికల్లా బ్యాండ్ వదిలేశాడు. మిగిలిన ముగ్గురూ 1974లో 'రేడియో సిటీ' తెచ్చారు. దాని గతీ అంతే. 1975లో స్టాక్స్ దివాలా తీసింది. 1978 డిసెంబర్ 27న జరిగిన కారు ప్రమాదంలో బెల్ చనిపోయాడు. వయసు 27. తన పాటల్ని జనం ఎంతగా ప్రేమిస్తారో అతనికి తెలియనే లేదు.

అదే 1978లో బ్రిటన్‌లో ఈఎంఐ సంస్థ రెండు ఆల్బమ్‌లనీ కలిపి డబుల్ ఎల్‌పీగా రీ-ఇష్యూ చేసింది. 1992లో ఫాంటసీ రికార్డ్స్ రెండింటినీ ఒకే సీడీలో ఇచ్చింది. మధ్యలో 80ల కాలేజీ బ్యాండ్లు వీళ్లని నెత్తిన పెట్టుకున్నాయి. ద రీప్లేస్‌మెంట్స్ అయితే 1987లో ఏకంగా 'అలెక్స్ చిల్టన్' అనే పేరుతోనే పాట చేశారు. 'దట్ సెవెంటీస్ షో' సీరియల్ చూసినవాళ్లకి దాని టైటిల్ సాంగ్ గుర్తుండే ఉంటుంది. అది ఈ ఆల్బమ్‌లోని 'ఇన్ ద స్ట్రీట్' పాటకి కవర్ వెర్షన్. రెండో సీజన్ నుంచి పాడింది చీప్ ట్రిక్.

అంటే మామూలు క్లాసిక్ ఆల్బమ్‌కి రీ-ఇష్యూ అనేది రెండో రౌండ్ బిజినెస్. ఈ ఆల్బమ్‌కి మాత్రం రీ-ఇష్యూలే అసలు రిలీజ్. ఇవాళ దీన్ని ప్రేమించేవాళ్లలో 1972 నాటి ఒరిజినల్ కాపీ కొని విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటారేమో. మిగిలిన మనందరం విన్నది ఏదో ఒక మాస్టరింగ్ ఇంజనీర్ చేతుల మీదుగా వచ్చిన వెర్షనే. ఆ చేతులు ఒకసారి పాడు చేస్తే, కొత్తవాళ్లకి ఆల్బమ్ అంటే ఆ పాడైన సౌండే.

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. స్టూడియోలో గొంతు, గిటార్, డ్రమ్స్ విడివిడి ట్రాక్స్‌గా రికార్డ్ అవుతాయి. వాటన్నిటినీ బ్యాలెన్స్ చేసి రెండు చానెళ్ల స్టీరియోగా కలిపితే మిక్స్. ఆ స్టీరియో టేప్‌ని తీసుకుని, సీడీకో వినైల్‌కో స్ట్రీమింగ్‌కో తగ్గట్టు టోన్, లెవెల్ సరిచేయడం మాస్టరింగ్. రీమాస్టర్‌లో రెండో పని మాత్రమే మళ్లీ చేస్తారు. డ్రమ్స్ ఒక్కటే పెంచడం, గొంతుని ఎడమ నుంచి మధ్యకి జరపడం అందులో కుదరదు. అవి కావాలంటే రీమిక్సే చేయాలి. బీటిల్స్ 2009 సెట్ రీమాస్టర్. 2017లో జైల్స్ మార్టిన్ చేసిన 'సార్జెంట్ పెప్పర్' రీమిక్స్.

ఇక యూట్యూబ్‌లో మన పాత తెలుగు పాటలకి 'రీమాస్టర్డ్ డాల్బీ' అని పేరు పెట్టి అప్‌లోడ్ చేసేవి ఉంటాయే, వాటిలో చాలా వాటిని ఈ లెక్కలోకే తీసుకోకండి. క్యాసెట్ కాపీకి బేస్ పెంచి, కాస్త ఎకో తగిలిస్తే రీమాస్టర్ అయిపోదు.

చెడగొట్టేది లౌడ్‌నెస్

డిజిటల్ ఆడియోలో లెవెల్‌కి ఓ పైకప్పు ఉంటుంది, దాన్ని దాటడానికి లేదు. మరి పాటని ఇంకా లౌడ్‌గా వినిపించాలంటే? డ్రమ్ దెబ్బల శిఖరాల్ని లిమిటర్‌తో చెక్కేసి, మిగతా మొత్తాన్ని పైకి లాగుతారు. అప్పుడు మెల్లగా మొదలై గట్టిగా పేలాల్సిన చోట కూడా అంతా ఒకే ఎత్తులో ఉంటుంది. మొదటి పది సెకన్లు "అబ్బ, ఏం పంచ్!" అనిపిస్తుంది. నాలుగో పాటకి చెవి అలసిపోతుంది. 90ల చివర్నుంచి వచ్చిన చాలా సీడీ రీమాస్టర్ల జబ్బు ఇదే. గేమర్స్‌కి తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్'. సీడీ కంటే 'గిటార్ హీరో' గేమ్‌లో వచ్చిన వెర్షన్‌లోనే డ్రమ్స్‌కి ఊపిరాడుతోందని ఫ్యాన్సే కనిపెట్టారు.

పవర్ పాప్‌కి ఈ జబ్బు మరీ ప్రాణాంతకం. ఆ స్టైల్ మొత్తం ఆధారపడేది తియ్యటి భాగానికీ గట్టి భాగానికీ మధ్య తేడా మీదే. 'ద బ్యాలడ్ ఆఫ్ ఎల్ గుడో' వినండి. నెమ్మదిగా గిటార్‌తో మొదలవుతుంది, కోరస్‌లో హార్మొనీలు, డ్రమ్స్ కలిసి పైకి లేస్తాయి. ఆ లేవడాన్ని చదును చేస్తే పాట అక్కడే చచ్చిపోతుంది.

2020 రీ-ఇష్యూలో ఏం చేశారు?

స్టాక్స్ కేటలాగ్ 1977లో ఫాంటసీ చేతికి, 2004లో ఫాంటసీతో పాటే కాంకర్డ్ చేతికి వచ్చింది. కాంకర్డ్‌లో పాత ఆల్బమ్స్ చూసుకునే విభాగం క్రాఫ్ట్ రికార్డింగ్స్. వాళ్లు 2020 జనవరిలో 'నంబర్ 1 రికార్డ్', 'రేడియో సిటీ' రెండింటినీ మళ్లీ వినైల్ మీద తెచ్చారు. మెంఫిస్‌లోని టేకౌట్ వినైల్‌లో జెఫ్ పవెల్ పూర్తి అనలాగ్ పద్ధతిలో మాస్టరింగ్ చేశాడు, మెంఫిస్ రికార్డ్ ప్రెసింగ్‌లో 180 గ్రాముల డిస్కులు అచ్చయ్యాయి. దాంతో పాటే 24-బిట్, 192 కిలోహెర్ట్జ్ హై-రెస్ డిజిటల్ కూడా వచ్చింది.

'పూర్తి అనలాగ్' అనే మాటలో ఓ సరదా ఇంజనీరింగ్ ఉంది. రికార్డ్ మీద గాడి కోసే మెషీన్‌కి, రాబోయే శబ్దం పెద్దదా చిన్నదా అన్నది కాస్త ముందే తెలియాలి. పెద్ద శబ్దానికి గాడి ఎక్కువ వెడల్పున ఊగుతుంది, పక్క గాడికి తగలకుండా చోటు వదలాలి. అందుకే ఈ పనికి వాడే టేప్ మెషీన్‌లో రెండు హెడ్స్ ఉంటాయి. మొదటిది ముందుగా చదివి కటింగ్ మెషీన్‌కి కబురు చెప్తుంది, రెండోది అసలు శబ్దాన్ని పంపుతుంది. అలాంటి టేప్ మెషీన్ లేని చాలా చోట్ల ఓ డిజిటల్ డిలే పెట్టి పని కానిచ్చేస్తారు. కవర్ మీద స్టిక్కర్‌ని గుడ్డిగా నమ్మలేం కూడా. అనలాగ్ పేరుతో ఆడియోఫైల్స్ ఎగబడి కొన్న మొబైల్ ఫిడెలిటీ రికార్డుల్లో చాలా వాటికి మధ్యలో డిజిటల్ స్టెప్ ఉందని 2022లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ గొడవలో నాకు నచ్చిన విషయమేంటంటే, అప్పటిదాకా ఆ డిజిటల్ స్టెప్‌ని చెవితో పట్టుకున్నవాళ్లు దాదాపు లేరు.

180 గ్రాముల బరువు గురించి ఒక్క ముక్క: బరువు వల్ల సౌండ్ మారదు. చేతిలో ప్రీమియంగా అనిపిస్తుంది, గ్లాస్ బ్యాక్ ఉన్న ఫోన్‌లా. అంతే.

ఈ రీ-ఇష్యూలో నాకు నచ్చింది వాళ్లు చేసినదాని కంటే చేయనిదే. జాన్ ఫ్రై 1972లో రికార్డ్ చేసిన పద్ధతే ఎంత శుభ్రంగా ఉందంటే, దిద్దడానికి పెద్దగా ఏమీ లేదు. దిద్దాలన్న ఉబలాటం కూడా ఎవరికీ కలగలేదు. ఫ్రై 2014 డిసెంబర్‌లో చనిపోయాడు. చిల్టన్, హమ్మెల్ ఇద్దరూ 2010లోనే పోయారు. ఆ నలుగురు బ్యాండ్ సభ్యుల్లో మిగిలింది జోడీ స్టీఫెన్స్ ఒక్కడే. ఒరిజినల్ సౌండ్ ఎలా ఉండాలో టేప్ చెప్పాల్సిందే తప్ప, వాదించడానికి ఆ రోజుల వాళ్లు పెద్దగా లేరు.

అసలు ఆ టేప్ ఉండటమే అదృష్టం. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలు చెలరేగినప్పుడు ఎందరో ఆర్టిస్టుల మాస్టర్ టేపులు కాలిపోయాయి. టేప్ పోయాక మీ దగ్గర ఎంత ఖరీదైన డాక్ ఉన్నా అది ప్లే చేసేది కాపీకి కాపీనే.

విని చూస్తే

నేను వాడిన సెటప్ సింపుల్. ఆండ్రాయిడ్ ఫోన్, టైప్-సీ డాక్ డాంగిల్, వైర్ ఇయర్‌ఫోన్స్. పోల్చడానికి 1992 సీడీ రిప్, 2020 హై-రెస్ ఫైల్. రెండింటి వాల్యూమ్ సమానం చేశాకే పోల్చాను. ఇది మర్చిపోవద్దు. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్న వెర్షనే మన చెవికి 'క్వాలిటీ'లా వినిపిస్తుంది.

రెండింటికీ తేడా ఉంది, కానీ చిన్నది. 'ఫీల్' మొదటి ట్రాక్. బెల్ అరుస్తూ పాడతాడు, మధ్యలో శాక్సోఫోన్ వస్తుంది. కొత్త వెర్షన్‌లో పై ఫ్రీక్వెన్సీలు కాస్త మెత్తగా, కింద బేస్ గిటార్ కాస్త నిండుగా అనిపించాయి. 'థర్టీన్'లో డ్రమ్సే లేవు. అకౌస్టిక్ గిటార్లు, గొంతులు, అంతే. తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ టెస్టింగ్‌కి నేను ఎక్కువగా వాడేది ఈ పాటనే. ట్రెబుల్ ఎక్కువ పెట్టిన చవక ఇయర్‌ఫోన్స్‌లో ఆ గిటార్ గాజు పెంకులా గుచ్చుకుంటుంది. ఆండీ హమ్మెల్ రాసిన 'ది ఇండియా సాంగ్' కూడా ఉంది. పేరు చూసి సితార్ ఉంటుందనుకోకండి. ఇండియాకి వెళ్లి పెద్ద బంగళాలో దర్జాగా బతకాలన్న ఓ మెంఫిస్ కుర్రాడి పగటి కల అది. నాకు నవ్వొస్తుంది, ఫ్లూట్ సౌండ్ మాత్రం బాగుంటుంది.

తర్వాత 192 కిలోహెర్ట్జ్ ఫైల్‌నే నేను 16-బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కి, అంటే సీడీ క్వాలిటీకి మార్చి, ఏది ఏదో తెలియకుండా బ్లైండ్ టెస్ట్ చేశా. రిజల్ట్ టాస్ వేసినట్టే వచ్చింది. ఆశ్చర్యమేమీ లేదు. 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీల్ని పట్టేస్తుంది, మనిషి చెవి హద్దు 20. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

కానీ స్టోరేజ్ లెక్క చూడండి. 24-బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో అంటే సెకనుకి 9,216 కిలోబిట్లు. 37 నిమిషాలకి కంప్రెస్ చేయకముందు దాదాపు 2.5 జీబీ. సీడీ క్వాలిటీలో అదే ఆల్బమ్ 390 ఎంబీ చుట్టూ. ఫ్లాక్ చేస్తే రెండూ తగ్గుతాయి, కానీ తేడా అలాగే ఉంటుంది.

బ్లూటూత్ బడ్స్ వాడేవాళ్లకి ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఎల్‌డాక్ కోడెక్ గరిష్ఠంగా 990 కేబీపీఎస్ పంపుతుంది, మామూలు ఎస్‌బీసీ 328 చుట్టూ. సీడీకే సెకనుకి 1,411 కావాలి. ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ లాంటి కోడెక్స్ మినహాయింపే గానీ, ఫోన్, బడ్స్ రెండూ సపోర్ట్ చేయాలి. కాబట్టి యాప్‌లో 'హై-రెస్' బ్యాడ్జ్ వెలుగుతున్నా, మీ చెవిలోకి వచ్చేసరికి అది హై-రెస్ కాదు. వైర్ పెట్టినా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపుతాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ డాక్‌కి మార్చకుండా పంపే దారి ఉంది, కానీ యాప్ దాన్ని వాడుకోవాలి.

మీరు ఏది వినాలి?

యాప్‌లో ఆల్బమ్ పేజీ అడుగుకి స్క్రోల్ చేయండి. వలయంలో 'పీ' అక్షరం ఉన్న గుర్తు పక్కన సంవత్సరం, లేబుల్ పేరు ఉంటాయి. రిలీజ్ డేట్ దగ్గర 1972 అని చూపించినా, మీరు వింటున్న ఎడిషన్ ఎవరిదో ఊహించడానికి అక్కడ చిన్న క్లూ దొరుకుతుంది. వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్‌లో ఉంచండి. స్పాటిఫై డీఫాల్ట్‌గా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెస్తుంది. అలా సమానం చేశాక, చెక్కేసి లౌడ్ చేసిన రీమాస్టర్‌కి ఉన్న మొదటి పది సెకన్ల పంచ్ కూడా మిగలదు. అసలు రంగు బయటపడుతుంది.

నా సలహా అయితే లాస్‌లెస్ సీడీ క్వాలిటీ, వైర్ ఇయర్‌ఫోన్స్. 192కి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టొద్దు. టర్న్‌టేబుల్ ఇప్పటికే ఉంటే 2020 వినైల్ కొనొచ్చు. ఒక్కో వైపు 18 నిమిషాల చుట్టే కాబట్టి గాడులకి కావాల్సినంత చోటు ఉంటుంది, ఫార్మాట్‌కి సరిగ్గా సరిపోయే ఆల్బమ్. ఈ ఒక్కదాని కోసం టర్న్‌టేబుల్ కొనడం మాత్రం అనవసరం.

ఒక్కటి మాత్రం ఖర్చు పెట్టి చేయమంటాను: ఆల్బమ్ నచ్చితే ఫైల్స్ కొని మీ దగ్గర ఉంచుకోండి, లేదా పాత సీడీ దొరికితే రిప్ చేసి పెట్టుకోండి. స్ట్రీమింగ్‌లో హక్కుదారు రాత్రికి రాత్రి కొత్త మాస్టర్‌తో పాతది మార్చేయగలడు, లైసెన్స్ అయిపోతే పాట బూడిదరంగులోకి వెళ్లిపోతుంది. 1972లో కొలంబియా షాపుల నుంచి కాపీలు వెనక్కి తీసుకోవాలంటే లారీలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు సర్వర్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు.

మొదలుపెట్టడానికి 'థర్టీన్' పెట్టండి, రెండున్నర నిమిషాలే. తర్వాత 'ఇన్ ద స్ట్రీట్', ఆపైన 'వాచ్ ద సన్‌రైజ్'. ఈ మూడూ పట్టుకుంటే 'రేడియో సిటీ'కి వెళ్లండి. అందులో 'సెప్టెంబర్ గర్ల్స్' ఉంది, దాని గిటార్ సౌండ్ మీద విడిగా ఒక ఆర్టికల్ రాయొచ్చు.